పై చెరువులో వదిలింది కింది చెరువుకు వస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే మీ పేపర్ జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. చెరువులో జేసీబీ, ఒడ్డు మీద గుర్రపు డెక్క కుప్ప, పైన తొలగింపు పనులు ముమ్మరం అని హెడ్డింగ్. మళ్లీ బతుకమ్మ పండక్కి ఇంకో ఫొటో వేస్తారు. అదే చెరువు, ఈసారి నీళ్లే కనపడకుండా పచ్చగా ఉంటుంది, బతుకమ్మను ఎక్కడ వదలాలని ఆడవాళ్లు అడుగుతుంటారు. ఈ రెండు ఫొటోల మధ్య ఆ చెరువులో ఏం జరిగింది, ఆ మొక్క ఎక్కడి నుంచి వచ్చింది, దాంతోపాటు ఇంకా ఏమేం వచ్చి చేరాయి అన్నది మాత్రం రాసినవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కోసినా సరే, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి గురించి రాసింది మాత్రం ఉంచండి.

మాది చేపలు పట్టుకుని బతికే ఇల్లు. నేను చదువుకుని హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నా గానీ మా నాన్న, బాబాయిలు ఇప్పటికీ ఊర్లో మత్స్య సొసైటీ సభ్యులే. వలలో ఏం పడుతోంది, ఏం పడటం లేదు అన్నది ఇంట్లో మాటల్లోనే తెలిసిపోతుంది. పరకలు తగ్గాయి, ఇంగిలాయిలు కనపడటం లేదు, వాలుగ పడితే ఫోన్ చేసి మరీ చెప్పుకునే రోజులొచ్చాయి. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, చెరువు శిఖం భూముల కబ్జాలు, పురుగు మందులు, మురుగు, అన్నీ ఉన్నాయి. వాటి గురించి పేపర్లు రాస్తూనే ఉన్నాయి. బయటి నుంచి వచ్చి మన నీళ్లలో పాతుకుపోయిన మొక్కలు, చేపల గురించి మాత్రం మాట్లాడేవాళ్లు లేరు.

ముందు చెరువుల సంగతి. మన వరంగల్ చెరువులను గొలుసుకట్టు చెరువులని గర్వంగా చెప్పుకుంటాం, గర్వపడాల్సిందే కూడా. పాఖాల, రామప్ప, లక్నవరం, గణపురం, ఇవన్నీ కాకతీయుల కాలం నాటివి, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తున్నాయి. వీటితోపాటు ఊరూరా చిన్న చెరువులు, కుంటలు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు ఒర్రెలో పడి కింది చెరువుకు వస్తాయి, అది నిండితే దాని కిందిదానికి, చివరికి వాగులో పడి గోదావరికో కృష్ణకో పోతాయి. పాఖాల నీళ్లు మున్నేరులో కలిసి కృష్ణకు పోతాయి, రామప్ప, లక్నవరం వైపువి గోదావరికి. ఇప్పుడు వీటికి కాలువలు, లిఫ్టులు తోడయ్యాయి. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ దిగువ మానేరు మీదుగా వరంగల్ దాటి సూర్యాపేట వైపు పోతుంది, దేవాదుల దగ్గర గోదావరి నీళ్లు పంపులతో ధర్మసాగర్‌కు ఎక్కుతాయి. ఎప్పుడూ కలవని రెండు నదుల నీళ్లు ఇప్పుడు మన పొలాల్లో కలుస్తున్నాయి. పంటకు, తాగునీటికి ఇది ఎంత మేలు చేసిందో మా ఊరి వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కానీ నీళ్లు పోయే దారిలోనే చేప పిల్ల పోతుంది, గుర్రపు డెక్క పిలక పోతుంది, దాని గింజ పోతుంది. తొలి వానలకు మత్తడి పారుతుంటే చేపలు ఎదురెక్కుతాయని మన పిల్లలకు కూడా తెలుసు, అంటే కింది నుంచి పైకి కూడా దారి ఉంది. ఎక్కడో ఒక కుంటలో ఒకడు చేసిన పని రెండు మూడు వానాకాలాలు పోయేసరికి మండలం మొత్తానికి చుట్టుకుంటుంది. మనం డబ్బులు ఖర్చు పెట్టేది చెరువు మూసుకుపోయాక. పెట్టాల్సింది పై చెరువు దగ్గర, మత్తడి దూకక ముందు. నేను ఇంత రాసేది ఈ ఒక్క మాట కోసమే.

గుర్రపు డెక్కతోనే మొదలుపెడతా, ఎందుకంటే అందరికీ కళ్ల ముందు కనపడేది అదే. దాని సొంత చోటు దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతం. ఊదా రంగు పువ్వు అందంగా ఉందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చి తోటల్లో పెంచారు. కొన్నేళ్లకే అక్కడి నదులు, కాలువలు, పడవ దారులు, వరి మళ్లు మూసుకుపోయి, 1936లో ఈ ఒక్క మొక్క కోసం బెంగాల్‌లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. దాదాపు తొంభై ఏళ్ల కిందటే ఇది ఎంత చేటో ఈ దేశానికి తెలుసు.

అమెజాన్‌లో దాన్ని కొరికి తినే పురుగులున్నాయి, ఏటా వచ్చే పెద్ద వరదలు దాన్ని కొట్టుకుపోతాయి, అందుకని అక్కడ అది అదుపులో ఉంటుంది. ఇక్కడికి మొక్క వచ్చింది గానీ దాన్ని తినే పురుగు రాలేదు. పైగా మన చెరువులో నీళ్లు నిలకడగా ఉంటాయి, ఎండ దండిగా ఉంటుంది, కాలనీల నుంచి మురుగు కాలువలు తెచ్చి పోసే ఎరువు ఉంటుంది. అన్నీ కుదిరితే అది రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. చెరువులో ఎనిమిదో వంతు ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు, ఏదో ఓ మూలకు ఉందిలే అనుకుంటారు. రెండు వారాలకు పావు వంతు అవుతుంది, ఇంకో రెండు వారాలకు సగం, ఆ తర్వాత రెండు వారాలకు చెరువు నిండా అదే. ఎనిమిదో వంతు ఉన్నప్పుడు నలుగురు మనుషులు ఒక తెప్పతో తీసేసే పనికి నెలన్నర తర్వాత మిషన్లు, టెండర్లు కావాలి. ఆ ఫైలు కదిలేలోపు పువ్వు పూసి గింజ నీళ్లలో రాలిపోతుంది, ఆ గింజ బురదలో పదిహేను ఇరవై ఏళ్ల దాకా చావకుండా ఉంటుంది.

పైన పచ్చగా కనపడుతుంది కాబట్టి కింద ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. ఆకులు కప్పేస్తే నీళ్లలోకి వెలుతురు పోదు. వెలుతురు లేకపోతే నీటి అడుగున పెరిగే మన నాచు మొక్కలు చస్తాయి, నీళ్లలోకి ఆక్సిజన్ ఇచ్చేవి అవే. చచ్చిన మొక్కలు, రాలిన డెక్క ఆకులు అడుగున కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌ను కూడా లాగేస్తాయి. రాత్రంతా ఇదే జరిగి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటాయి. ఎవరో మందు కలిపారని ఊర్లో గొడవలు కూడా అవుతాయి, కానీ చాలాసార్లు కారణం ఇదే. ఇలాంటి నీళ్లలో ముందు పోయేది బొచ్చె, రోహు, పరకల్లాంటివి. తట్టుకునేది పైకొచ్చి గాలి పీల్చుకోగలిగిన చేప. మన కొర్రమట్ట కొంత వరకు తట్టుకుంటుంది, అంతకన్నా బాగా తట్టుకునే బయటి చేప ఇంకొకటి ఉంది, దాని సంగతి కింద రాస్తాను. వల వేస్తే డెక్క వేర్లలో చిక్కుకుని చిరుగుతుంది, తెప్ప కదలదు, దోమలకు మాత్రం అంతకు మించిన చోటు ఉండదు.

ఇక తీసే పద్ధతి. ఇది రాయాలంటే కోపం వస్తుంది. తీసిన డెక్కను చెరువు కట్ట మీదనో, మత్తడి పక్కనో, నీళ్లకు పది అడుగుల దూరంలోనో కుప్ప పోస్తారు. అది ఎండేలోపు వాన వస్తుంది. కుప్ప అడుగున పచ్చిగా ఉన్న పిలకలు జారి మళ్లీ నీళ్లలో పడతాయి, మత్తడి పక్కన పోసినవైతే నేరుగా కింది చెరువుకే పోతాయి. మిషన్‌తో ముక్కలు చేస్తే ఇంకా ప్రమాదం, మొదలు ఉన్న చిన్న ముక్క చాలు అది మళ్లీ మొక్క అవుతుంది. లోడ్ చేసి చెరువుకు దూరంగా, ఎత్తు మీద ఆరబోసి, ఎండిన తర్వాత కంపోస్టుకు వాడుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. ట్రాక్టర్ కిరాయి ఖర్చు అంటారు, మరి ఏటేటా అదే చెరువుకు అదే పని చేయించడం ఖర్చు కాదా?

భద్రకాళి చెరువు విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. 2024 నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువును ఖాళీ చేశారు. పూడిక తీయడం మంచి పనే, నాకు దానితో పేచీ లేదు. అయితే గుర్రపు డెక్క గింజ బాగా మొలిచేది ఎక్కడంటే, నీళ్లు తగ్గి వెలుతురు తగిలే తడి బురదలో. ఏ చెరువునైనా ఎండబెట్టి మళ్లీ నింపినప్పుడు మొదటి రెండేళ్లు ఒడ్డు వెంట మొలకలు చూసి చూసి ఏరించాలి. తీసిన మట్టి ఎక్కడికి పోతోందో కూడా చూడాలి, డెక్క ఉన్న చెరువు మట్టిని పొలానికి కొట్టుకోవచ్చు గానీ ఇంకో చెరువు శిఖంలోనో, వాగు ఒడ్డునో పోయకూడదు. మన దగ్గర ఊరి చెరువుల పూడిక మట్టి లారీలకు లారీలు కదులుతుంది కాబట్టి ఇది చిన్న విషయంగా తీసుకోవద్దు.

మందు కొట్టి చంపేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటివి నగరం తాగే నీళ్లు. వాటిలో కలుపు మందు చల్లుతామంటే నేనైతే ఒప్పుకోను, పైగా ఒకేసారి చచ్చిన డెక్కంతా అడుగున కుళ్లి ఉన్న చేపలను కూడా చంపుతుంది. గడ్డి చేపను వదిలితే తినేస్తుందన్నది ఇంకో మాట. గడ్డి చేప నీటి అడుగున ఉండే మెత్తటి నాచు మొక్కలను ఇష్టంగా తింటుంది, అంటే మనకు కావలసిన వాటినే తిని డెక్కను వదిలేస్తుంది. పనిచేసిన ఉపాయం ఒకటుంది. దక్షిణ అమెరికాలో గుర్రపు డెక్కను మాత్రమే తిని బతికే ముక్కు పురుగులను ముందు బాగా పరీక్షించి 1980లలో బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో వదిలితే రెండు మూడేళ్లలో చాలాచోట్ల డెక్క అదుపులోకి వచ్చింది. అది నెమ్మదిగా సాగే పని, రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగే పని కాదు. మురుగు ఆగకుండా పోతున్న చెరువులో అయితే పురుగు తినేదానికన్నా మొక్క పెరిగేదే ఎక్కువ ఉంటుంది. అందుకే ఎటు తిరిగినా మురుగు కాలువ దగ్గరికే వస్తాం. కాలనీ మురుగు చెరువులోకి పోతున్నంత కాలం డెక్కకు మనమే అన్నం పెడుతున్నట్టు.

ఇప్పుడు చేపలు. ఇవి కనపడవు కాబట్టి ఇంకా ఎక్కువ భయపడాలి.

పైన చెప్పిన బయటి చేప ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దీని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అయినా కోడి వ్యర్థాలు వేసి గుంటల్లో పెంచుతున్నారని, అధికారులు పట్టుకుని పూడ్చిపెట్టారని మీ పేపర్లోనే ఎన్నోసార్లు చదివాం. ఎందుకు పెంచుతారంటే అది ఏదైనా తింటుంది, ఎలాంటి నీళ్లలోనైనా బతుకుతుంది, నెలల్లో కిలో దాటుతుంది. ఆ గుణాలే చెరువులో పడ్డాక మనకు శాపం. చేప పిల్లలు, కప్పలు, పురుగులు, గుడ్లు, దేన్నీ వదలదు. నీళ్లలో ఆక్సిజన్ లేకపోతే పైకొచ్చి గాలి పీలుస్తుంది, నేల తడిగా ఉంటే పాక్కుంటూ పక్క గుంటకు పోతుంది. మన నాటు మార్పు చేపకు ఇది దగ్గరి చుట్టమే, కానీ సైజులో, ఆకలిలో దానితో పోలికే లేదు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలోకి కూడా ఇది చేరింది, వలస పక్షుల కోసం కాపాడుకుంటున్న ఆ నీళ్లలో నుంచి దాన్ని ఏరివేయడానికి అటవీ శాఖ ఏళ్లుగా తిప్పలు పడుతోంది.

గుంటల్లో ఉన్నది చెరువులోకి ఎలా వస్తుందని అడిగేవాళ్లకు ఒక్క తేదీ గుర్తుచేస్తాను. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. ఆ రోజు ఏ గుంటకు కట్ట నిలిచింది, ఏ చెరువుకు మత్తడి ఆగింది? అలాంటి వానకు వాగు ఒడ్డున గుంట తవ్వి పెంచే చేపంతా వాగులోకి పోయినట్టే లెక్క. పట్టుకుని పూడ్చడం సరే, అసలు వాగు పక్కన ఆ గుంట తవ్వేటప్పుడే ఎవరైనా అడగాలి కదా.

తిలాపియా కథ వేరు. 1952లో దీన్ని మన దేశానికి తెచ్చారు, మొదట దిగింది తమిళనాడు తీరంలో. చెరువుల్లో విపరీతంగా పెరిగి మిగతా చేపలను ఎదగనివ్వడం లేదని తేలడంతో 1959లోనే దాన్ని ఎక్కడా వదలవద్దని దేశంలోని చేపల పరిశోధన సంఘం చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. తిలాపియా తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలను కూడా ఆపద వస్తే నోట్లోకి తీసుకుంటుంది, అందుకే దాని పిల్లలు ఎక్కువ బతుకుతాయి. చెరువు నిండా అరచేతంత తిలాపియాలు కిక్కిరిసిపోతాయి, వాటికీ ఎదుగుదల ఉండదు, వేరేవాటికీ తిండి ఉండదు. మెరుగుపరిచిన రకాన్ని లైసెన్స్ తీసుకుని, బయటికి పోకుండా జాగ్రత్తలతో పెంచుకోవడానికి తర్వాత అనుమతిచ్చారు, అది బతుకుదెరువు, కాదనను. ఊరి చెరువులో వదలడం మాత్రం వేరు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం అక్వేరియం చేప. అద్దానికి నోటితో అతుక్కుని పాచి నాకుతూ ఉంటుందే, ఆ నల్ల చారల చేప, పేపర్లలో డెవిల్ ఫిష్ అని రాస్తున్నది. ఇదీ దక్షిణ అమెరికాదే. కొనేటప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగి అడుగు దాటుతుంది. తొట్టిలో పట్టక, చంపడానికి మనసు రాక, పుణ్యం అనుకుని దగ్గర్లో ఉన్న చెరువులోనో గుడి కోనేరులోనో వదులుతారు. ఒళ్లంతా ఎముక పెంకులు, రెక్కలకు ముళ్లు, కొంగ మింగలేదు, పెద్ద చేప మింగలేదు. వలలో పడితే వల చింపుతుంది, తినడానికి ఎవరూ కొనరు, ఒడ్డున పడేస్తే గంటల తరబడి చావదు. కృష్ణా, గుంటూరు వైపు మత్స్యకారులు దీని గురించి మొత్తుకుంటున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లతో దీన్ని పసిగట్టే పద్ధతి తయారుచేసి తూర్పు కనుమల్లో వెతికితే, చూసిన నీటి వనరుల్లో దాదాపు 60 శాతం చోట్ల దీని జాడ దొరికింది.

ఇందులో మన దగ్గర ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. ఈ చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వుతుంది, ఒక్కో బొరియ మూడడుగుల లోతు దాకా పోతుంది. ఫ్లోరిడాలో, మెక్సికోలో దీనివల్ల కాలువ గట్లు, నది ఒడ్లు కూలిపోతున్నాయి. మన చెరువు కట్టలు దేనితో కట్టారు? మట్టితో. ఎనిమిది వందల ఏళ్లుగా ప్రతి తరం చిల్లకంప కొట్టి, బుంగ పడితే పూడ్చి, మట్టి పోసి కాపాడుకుంటూ వచ్చిన కట్టలు అవి. నీటి మట్టానికి కింద, ఎవరికీ కనపడని చోట, వందల బొరియలు పడితే వరద రోజున ఏమవుతుందో ఇరిగేషన్ ఇంజినీర్లు ఒక్కసారి ఆలోచించాలి. కట్టల తనిఖీ అంటే పైన నడిచి చూసి రావడం అయిపోయింది, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు లోపలి వైపు బొరియలు ఉన్నాయా అని చూసి రాసుకునే అలవాటు ఇప్పటి నుంచే పెట్టుకోవాలి.

దోమల కోసం వదిలే గంబూసియా చేప గురించి కూడా చిన్న మాట. 1928 నుంచి మన దేశంలో ఉంది, మలేరియా, డెంగీ అంటే ఇప్పటికీ దీన్నే వదులుతుంటారు. ప్రపంచంలో అత్యంత చేటు చేసే 100 బయటి జీవుల జాబితాలో ఇది ఉంది, గుర్రపు డెక్క ఉంది, తిలాపియా ఉంది. గంబూసియా దోమ పిల్లలతోపాటు చిన్న చేపల గుడ్లను, తోక కప్పలను కూడా తినేస్తుంది. మన కుంటల్లో తల మీద వెండి చుక్కతో నీటి పైపైన తిరిగే చిన్న నాటు చేప కూడా దోమ పిల్లలను బాగానే తింటుంది. మూసి ఉన్న తొట్టిలోనో బావిలోనో వదిలితే ఒక ఎత్తు, పారే నీళ్లలో వదలడం ఇంకో ఎత్తు. నాటు చేప ఉండగా బయటిదాన్ని ఎందుకు వదలాలి?

ఇవన్నీ చదివి, బయటి చేపలన్నీ పాపిష్టివి అంటున్నానని అనుకోవద్దు. మనం ఇష్టంగా తినే బంగారుతీగ కూడా బయటి నుంచి వచ్చిందే. మన కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప, దాని జాతికే చెందిన చైనా వైపు చేప 2002లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక చెరువులో కనపడితే అక్కడివాళ్లు హడలిపోయి ఆ చెరువు మొత్తానికి మందు పెట్టారు. ఎక్కడి జీవికి అక్కడ దాన్ని తినేది ఉంటుంది, దానికి అడ్డు పడేది ఉంటుంది. ఆ అడ్డు లేని చోటికి మనిషి మోసుకుపోయినప్పుడే తంటా. 2023లో ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరిన జీవజాతులు 37,000కు పైగా ఉంటే, అందులో చేటు చేస్తున్నవి 3,500కు పైగా, వాటి వల్ల ఏడాదికి నష్టం 423 బిలియన్ డాలర్లకు పైనే. అంతరించిపోయిన జీవుల్లో 60 శాతం విషయంలో వీటి పాత్ర ఉందని కూడా ఆ నివేదిక చెప్పింది. రాకుండా ఆపడం చవక, వచ్చాక తీయడం మోయలేని ఖర్చు అన్నది కూడా అందులోని ముఖ్యమైన మాటే.

మరి మన దగ్గర రాకుండా ఆపేది ఎక్కడ? నాకు కనిపించే మొదటి చోటు చేప పిల్లల లారీ. 2016 నుంచి రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేప పిల్లలను ఇస్తున్నారు, మా లాంటి ఇళ్లకు అది ఆసరా, ఆ పథకం ఉండాలనే కోరుకుంటాను. అయితే లారీ వచ్చినప్పుడు అందరి చూపూ సంఖ్య మీద, సైజు మీదే ఉంటుంది. లెక్క తక్కువొచ్చిందని గొడవ పడతాం, సన్నగా ఉన్నాయని వెనక్కి పంపుతాం. సంచిలో బొచ్చె, రోహు, మృగాల పిల్లలతోపాటు ఇంకేమైనా కలిసి వచ్చాయా అని చూసేవాళ్లు మాత్రం నాకు కనపడలేదు. వేలెడంత పిల్లప్పుడు తేడా పట్టడం అందరికీ రాదు, అది నిజమే. అందుకని పంపిణీకి ముందు ప్రతి సొసైటీలో ఇద్దరికి పిల్ల చేపలను గుర్తుపట్టడం నేర్పాలి, ఒక తెల్ల తొట్టిలో కొన్ని సంచులు పోసి చూసే పద్ధతి పెట్టాలి, తేడా ఉంటే ఆ లారీని వద్దనే హక్కు సొసైటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ పని గొలుసులో అన్నిటికన్నా పైనున్న చెరువుల దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడ తప్పు పడితే కింద ఉన్న అందరికీ తప్పు పడ్డట్టే.

రెండో చోటు అక్వేరియం షాపు. పెంచలేకపోతే మాకే తిరిగి ఇవ్వండి అని షాపులో ఒక బోర్డు పెట్టించడానికి ఎంత ఖర్చవుతుంది? 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు, చేటు చేసే విదేశీ జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకాలను నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. ఈ డెవిల్ ఫిష్‌ను ఆ జాబితాలోకి తీసుకురావాలని మన ఎంపీలు అడగొచ్చు. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊర్లో ఉన్న జీవులను రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్‌లో ఊరి చెరువులో ఇదివరకు దొరికిన చేపలు, ఇప్పుడు దొరుకుతున్న చేపలు, కొత్తగా కనపడినవి అని రాసుకుంటూ పోతే చాలు, ఏది ఏ ఏడాది ఏ చెరువుకు దిగిందో జిల్లా మొత్తం పటం గీయొచ్చు. ఇది రాయడానికి సైంటిస్టులే రానక్కర్లేదు, మా నాన్న లాంటి వాళ్లను కూర్చోబెట్టి అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు.

సొసైటీ అన్నదమ్ములకు నాదొక విన్నపం. వలలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడినా, ఆ పెంకు చేప పడినా, చిన్నదే కదా అని మళ్లీ నీళ్లలోకి విసరొద్దు. ఒడ్డున కూడా వదిలేయొద్దు, అది బతికి మళ్లీ నీళ్లలోకి పోతుంది. చంపి, చెరువుకు దూరంగా గుంట తీసి పాతిపెట్టండి. ఒక ఫొటో తీసి ఏ చెరువు, ఏ రోజు అని రాసి మత్స్యశాఖ వాళ్లకు పంపండి, కింది చెరువు సొసైటీ వాళ్లకు కూడా ఫోన్ చేసి చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు
హనుమకొండ